పన్నెండు గుంటల బయోకెమికల్ స్ట్రిప్: హన్మకొండ ల్యాబ్‌లో ఏడాది వాడిన తర్వాత

హన్మకొండలోని మా చిన్న ల్యాబ్‌కు వచ్చే మూత్రం, మలం కల్చర్లలో పెరిగే పేగు బ్యాక్టీరియాను గుర్తించడానికి నిరుటి దాకా ఒక్కో పరీక్షకు ఒక్కో ట్యూబు వాడేవాళ్లం. మీడియా (బ్యాక్టీరియా పెరిగే పోషక పదార్థం) కాచుకోవడం, ఆటోక్లేవ్‌లో పెట్టి ఆవిరితో క్రిములు లేకుండా చేయడం, స్లాంట్లు (ట్యూబులో ఏటవాలుగా గడ్డకట్టించిన మీడియా) పోసుకోవడం ఒక మనిషికి సగం రోజు పని కావడంతో, ఒక సంస్థ తయారుచేసే పన్నెండు గుంటల రెడీమేడ్ స్ట్రిప్‌ను తెప్పించాం. సందేహం కలిగించే కాలనీకి (ప్లేటు మీద పెరిగిన బ్యాక్టీరియా చుక్క) అది బాగా పనికొస్తుందనీ, ప్రతి కాలనీకీ వాడితే మాత్రం డబ్బు దండగనీ ఈ ఏడాదిలో నాకు తెలిసివచ్చింది.

ఇండోల్, వీపీ (వోగెస్-ప్రోస్కావర్), సిట్రేట్, యూరియేజ్, లైసిన్, ఆర్నిథిన్, హైడ్రోజన్ సల్ఫైడ్, ఫినైల్ అలనిన్ పరీక్షలతో పాటు నాలుగు చక్కెరలు ఇందులో ఎండిన రూపంలో ఉంటాయి. ప్లేటు మీద విడిగా పెరిగిన ఒక్క కాలనీని స్టెరైల్ సెలైన్‌లో కలిపి, గుంటల్లో పోసి, 35 నుంచి 37 డిగ్రీల వద్ద 18 నుంచి 24 గంటలు ఉంచాలి. అంతకంటే ముందు ఆక్సిడేజ్ (రంగు మార్పుతో తెలిసే ఒక ఎంజైమ్) చూసుకోవాలి. ఈ పేగు బ్యాక్టీరియా కుటుంబంలో దాదాపు అన్నీ ఆక్సిడేజ్ నెగటివ్ కనుక, పాజిటివ్ వచ్చిన కాలనీకి స్ట్రిప్ విప్పడమే వృథా. ఈ ఆక్సిడేజ్ పరీక్షకు కాలనీని నైక్రోమ్ (నికెల్-క్రోమియం) తీగ లూప్‌తో తీస్తే ఆ తీగ వల్లనే రంగు మారే ప్రమాదం ఉంది కాబట్టి చెక్కపుల్ల వాడాలన్న చిన్న జాగ్రత్త, కిట్‌తో వచ్చిన కాగితంలో ఎక్కడా లేదు.

రంగులు చదవడంలోనే అసలు కష్టం ఉంది. ఇండోల్ గుంటలో కోవాక్స్ ద్రావణం చుక్క పడగానే పైన దానిమ్మ గింజ రంగు తేలితే ఎవరికీ అనుమానం రాదు. సిట్రేట్ ఆకుపచ్చ నుంచి నీలానికి మారడమూ స్పష్టమే. చక్కెరల గుంటలు మాత్రం ఎరుపుకూ పసుపుకూ నడుమ నారింజ రంగులో ఆగిపోతే, ట్యూబ్‌లైట్ కింద ఇద్దరు టెక్నీషియన్లు రెండు రకాలుగా చదువుతారు. మూడేసి పరీక్షలకు 1, 2, 4 చొప్పున విలువలిచ్చి, పాజిటివ్ వచ్చినవాటిని కూడి నాలుగంకెల కోడ్ కట్టే పద్ధతిలో, ఒక్క గుంట తప్పు చదివినా బ్యాక్టీరియా పేరే మారిపోవచ్చు.

మాకు అదే జరిగింది. మూత్రం కల్చర్‌లో, మెకాంకీ (లాక్టోజ్‌ను పులియబెట్టేవి గులాబీ రంగులో పెరిగే మీడియా) మీద రంగులేని కాలనీలకు స్ట్రిప్ కోడ్ షిగెల్లా (రక్త విరేచనాలు తెప్పించే బ్యాక్టీరియా) అని చూపింది. షిగెల్లా మూత్రంలో కనిపించడం చాలా అరుదు కనుక నేను రిపోర్ట్ ఆపి, ఆ కాలనీని మోలర్ లైసిన్ ట్యూబులో (లైసిన్ అనే అమైనో ఆమ్లాన్ని బ్యాక్టీరియా విడగొడితే ఊదారంగుకు తిరిగేది) వేసి, గాలి తగలకుండా పైన పారఫిన్ పోసి పెట్టాను. మొదటి రోజు పసుపుగా ఉన్న ట్యూబు రెండో రోజుకు ఊదారంగులోకి తిరిగింది. అమైనో ఆమ్లం వేయని కంట్రోల్ ట్యూబు పసుపుగానే నిలిచింది. షిగెల్లాలో లైసిన్ నెగటివే కాబట్టి, అది లాక్టోజ్‌ను పులియబెట్టని, కదలని ఇ. కోలి అని తేలింది. స్ట్రిప్‌లో లైసిన్ గుంట ఎటూ తేలని బూడిద రంగులో ఉండగా, మేమే దాన్ని నెగటివ్ అని రాసుకున్నాం.

ఇక సరఫరా గురించి ఫిర్యాదు తప్పదు. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచవలసిన పెట్టె, మే నెల ఎండలో, ఐస్ ప్యాక్‌లు గోరువెచ్చని నీళ్లయ్యాక మా గుమ్మం చేరింది. ఇంకా ఏమీ పోయని కొత్త స్ట్రిప్‌లోనే యూరియా గుంట లేత గులాబీ రంగులో ఉంది. ఫొటోలు పంపితే, రంగు తేడా సహజమేనని డీలర్ వారం పాటు వాదించి, చివరకు వేరే పెట్టె ఇచ్చాడు. అప్పటి నుంచి పెట్టె విప్పగానే ఒక స్ట్రిప్‌ను ఏటీసీసీ 25922 ఇ. కోలితో (ఫలితాలు ముందే తెలిసిన ప్రామాణిక బ్యాక్టీరియా) పరీక్షించి, ఇండోల్ పాజిటివ్, సిట్రేట్, యూరియేజ్ నెగటివ్ వచ్చాకనే మిగతావి వాడుతున్నాం.

రోజువారీ ఇ. కోలి, క్లెబ్సియెల్లాలకు ఇప్పటికీ టీఎస్ఐ (మూడు చక్కెరలు, ఇనుము కలిపిన మీడియా), ఇండోల్, సిట్రేట్, యూరియా ట్యూబులతోనే సరిపెడుతున్నాం. మా లెక్కలో ఒక స్ట్రిప్ ఆ సెట్టు ఖర్చుకు మూడింతలు పడుతోంది. తర్వాతి ఆర్డర్ వానలు పడ్డాకనే, అదీ సగం పెట్టెలే పెట్టాలనుకుంటున్నాం.