పెద్ద రబ్బరు చేపతో కృష్ణా తీరాన మూడు రోజులు

జానెడు పొడవున్న రబ్బరు చేపని దారానికి కట్టి విజయవాడకి అవతలి ఒడ్డున సీతానగరం రేవులో విసిరాను. పక్కన వల బాగుచేసుకుంటున్న పెద్దాయన చేతిలో పని ఆపి చూశాడు. “అది ఎర కాదు బాబూ, కూరకొచ్చే చేప. దాన్ని మింగాలంటే ఎంత నోరుండాలి?” అన్నాడు. ఫిబ్రవరి ఆఖరు. ఏటి నీళ్లు తేరుకున్నాయి, ఎండ ఇంకా ముదరలేదు.

ఈ ఎరని స్విమ్‌బైట్ అంటారు. దీని పుట్టిల్లు కాలిఫోర్నియా. అక్కడి కాస్టాయిక్ లాంటి జలాశయాల్లో ట్రౌట్ చేపల్ని తెచ్చి వదులుతారు, వాటిని తిని బాస్ అనే వేట చేపలు బలుస్తాయి. అంత తిండికి అలవాటుపడ్డ చేపకి వేలెడు ఎర ఆనదు కాబట్టి గాలం వేసేవాళ్లు ట్రౌట్ సైజు ఎరలే చెక్కతోనూ రబ్బరుతోనూ చేసుకున్నారు. బాస్‌లో ప్రపంచ రికార్డు 1932లో అమెరికాలోని జార్జియాలో వచ్చింది. 2009లో జపాన్ బివా సరస్సులో దానికి సరిసమానమైనది పడింది. రెండూ 10 కిలోలు దాటినవే. కృష్ణలో బాస్ లేదు. మాటువేసి ఒక్క గుక్కలో మింగే గుణం మాత్రం మన పండుగప్పకీ వాలుగకీ కొరమీనుకీ పుష్కలంగా ఉంది. అందులోనూ పండుగప్ప బాస్ కంటే చాలా పెద్దగా ఎదుగుతుంది.

మాది గుంటూరు. వానపాముతో కాలవల్లో గాలం వేసిన అలవాటు చిన్నప్పటి నుంచీ ఉంది. ఈ పని వేరు. ఎర ఒక్కటే 100 గ్రాములుంటుంది, మామూలు రాడ్డుతో విసిరితే రాడ్డు విరగాల్సిందే. బరువు మోసే రాడ్డు, పెద్ద రీలు, 65 పౌన్ల లాగుడుకి తట్టుకునే బ్రెయిడ్ (అల్లిక) దారం కొన్నాను. ఆన్‌లైన్‌లో తెప్పించిన హుక్కులు మాత్రం నన్ను ముంచాయి. ప్లయర్‌తో పట్టి లాగితేనే తీగలా వంగిపోయాయి. హుక్కు దగ్గర డబ్బు మిగుల్చుకోవద్దు.

మొదటి రాత్రి విజయవాడ బస్టాండు దగ్గర లాడ్జిలో దిగాను. గది శుభ్రంగానే ఉంది. నాలుగింటికి బయల్దేరతానని రాత్రే చెప్పి పెట్టినా తెల్లారగట్ట గేటుకి తాళం, తాళం చెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు. వెలుగు రాకముందు గంట ఎంత విలువైనదో గాలం వేసేవాళ్లకి చెప్పక్కర్లేదు, అదంతా మెట్ల మీదే పోయింది. చేపల కోసం వచ్చేవాళ్లు బస్టాండు వైపు కాకుండా భవానీపురంలో ఏటి ఒడ్డున గానీ, అవతల తాడేపల్లి, ఉండవల్లి వైపు గానీ దిగితే మేలు. అద్దె కాస్త ఎక్కువైనా గడప దాటితే నీళ్లే.

ప్రకాశం బ్యారేజీ 1957 నాటిది. 70 గేట్లతో నీళ్లని 12 అడుగుల మట్టానికి నిలబెడితే వెనక 3.07 టీఎంసీలు ఉంటాయి. గేట్ల దరిదాపులకి పోవద్దు. పైన ఉండవల్లి వైపు నీటి మీద అల్లుకున్న గుర్రపు డెక్క మొక్కల అంచులు చూడటానికి భలే ఉన్నాయి. మూడు గంటలు విసిరాను, భుజం లాగేసింది గానీ ఒక్క తాకిడి లేదు. ఎర రెండు మూరలు దిగాక కనబడదు. వెనకాల చేప వచ్చిందో లేదో, వచ్చి ఎందుకు తిరిగిపోయిందో తెలియదు. మనం చేసిన తప్పేమిటో కళ్లకి కనబడని చోట ఏమి నేర్చుకుంటాం?

రెండో రోజు కరకట్ట మీదుగా తోట్లవల్లూరు, అవనిగడ్డ దాటి నాగాయలంక వెళ్లాను. ఈ దారికి సొంత బండే నయం, పొడుగు రాడ్డుతో బస్సులో ఇబ్బంది. తెలిసినవాళ్ల ద్వారా ఒక రైతు తన పండుగప్ప చెరువులో గాలం వేయనిచ్చాడు. పట్టుబడి అయిపోయాక మిగిలిన చేపలవి. షరతు ఒక్కటే, పట్టిన చేపని మళ్లీ చెరువులోకే వదలాలి. హుక్కుల ముళ్లు ప్లయర్‌తో నొక్కేసి ఆయనకి చూపించాకే దారం కట్టాను.

పెద్దాయన ప్రశ్నకి జవాబు ఆ రైతు దగ్గర దొరికింది. పండుగప్ప పిల్లల్ని సైజుల వారీగా ఏరి వేరు చేయకపోతే పెద్దవి చిన్నవాటిని మింగేస్తాయట. తన పొడవులో సగానికి మించిన తోబుట్టువునైనా వదలదు. అలాంటి నోటికి జానెడు రబ్బరు చేప ఒక లెక్కా?

తూము పలక మీద నిలబడ్డాను. నీళ్లు పచ్చగా ఉన్నా పొద్దున ఎండకి నడుములోతు దాకా కనబడుతోంది. ఎర తోక ఆడించుకుంటూ వస్తుంటే వెనక నీడలాగా ఒకటి కదిలింది. ఎండ తగిలి కన్ను నిప్పుకణికలా మెరిసింది. కంగారులో రీలు ఆపేశాను. అది ఎర దాకా వచ్చి, చూసి, పక్కకి తిరిగిపోయింది. రెండోది వచ్చినా ఆపాను, అదీ పోయింది. మూడోసారి ఆపకుండా ఇంకో రెండు చుట్లు వేగంగా తిప్పాను. ఠప్పుమని చప్పుడు. నోరు తెరవగానే నీళ్లతో పాటు ఎర లోపలికి పోయింది. రాడ్డుని పైకి ఎగరేయకుండా పక్కకి లాగాను. తరుముతున్న చేపకి ఎర పారిపోవాలి, ఆగితే దొంగ ఎరని తెలిసిపోతుంది. ఇదంతా కళ్లముందు జరిగితేనే చెయ్యి నేర్చుకుంటుంది.

చేపని ఎత్తేటప్పుడు మొప్ప మూత అంచు జాగ్రత్త, అది కత్తిలా ఉంటుంది. అందుకే ఎర ముందు మందపాటి నైలాన్ దారం ఒక బార కట్టుకోవాలి. నా దారం చివర నూగు నూగుగా లేచిపోయింది.

రాత్రి అవనిగడ్డలో పడుకున్నాను. చిన్న గది, ఒక మంచం, ఫ్యాను. ఆ ఇంటావిడ మూడున్నరకే ఫ్లాస్కులో టీ పోసి గుమ్మంలో పెట్టింది. విజయవాడ లాడ్జికి ఇచ్చిన దాంట్లో సగం కూడా తీసుకోలేదు. నాగాయలంక దిగువన మడ అడవులు వన్యప్రాణి అభయారణ్యం, గాలం పట్టుకుని అటు వెళ్లకండి.

మూడో రోజు మళ్లీ సీతానగరం వచ్చి పెద్దాయన పడవే మాట్లాడుకున్నాను. పూటకి 800. మోటారు లేదు, గడకర్రే. ఈ తిరుగుడంతటిలో నేను ఇష్టంగా ఇచ్చిన డబ్బు అదే. గుర్రపు డెక్క కింద ఎక్కడ లోతుందో, ఎక్కడ పాత వల చిక్కుకుని ఉందో ఆయనకి కంఠతా వచ్చు. డెక్క అంచు వెంట ఎర లాగుతుంటే పడవకి బారెడు దూరంలో నీళ్లు ఉబ్బాయి. చేప కనబడలేదు, ఆ ఉబ్బే కనబడింది. నా చెయ్యి ఆగలేదు, రెండు చుట్లు గబగబా తిప్పింది. మూడు కిలోల వాలుగ. నోట్లోంచి ఎర తోక మాత్రమే బయటికుంది.

పెద్దాయన వాలుగని కాదు, దాని నోరు చూశాడు. తర్వాత గడకర్ర పక్కన పెట్టి చెయ్యి చాచాడు.

“ఏదీ, ఒకసారి ఇటివ్వు బాబూ.”

“చేప వెనకొస్తే మాత్రం ఆపొద్దు బాబాయ్.”

మొదటి విసురు దగ్గర్లోనే పడింది. రెండోది డెక్క అంచున, ఆయన అనుకున్న చోటే పడింది. ఆయన తిప్పుతూనే ఉన్నాడు.