మిల్లు సర్వర్లకు ఆన్సిబుల్: నాలుగేళ్లు వాడాక

మాది నల్గొండ. మిర్యాలగూడ, హాలియా వైపు రైస్ మిల్లుల్లో కాంటా లెక్కలు రాసుకునే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ సర్వర్లు ఓ డజను దాకా నేనే చూసుకుంటాను. అన్నీ ఉబుంటు లినక్స్ మీదే. నాలుగేళ్లుగా వాటిని ఆన్సిబుల్‌తోనే సిద్ధం చేస్తున్నాను. ఏ సర్వర్‌లో ఏం ఉండాలో ఒక ఫైల్లో రాసిస్తే, దూరం నుంచే ఆ పనులు వరుసగా చేసిపెట్టే సాధనం అది. ఆ ఫైలునే ప్లేబుక్ అంటారు.

అంతకుముందు నేనే రాసుకున్న బాష్ స్క్రిప్టు ఉండేది. మొదటిసారి బాగానే నడిచేది, రెండోసారి నడిపితేనే తంటా. ఏ కంప్యూటర్ నుంచి ఎవరు లాగిన్ కావచ్చో చెప్పే పీజీ హెచ్‌బీఏ ఫైలు చివర ప్రతిసారీ ఒక లైను అతికించేది. ఒక మిల్లులో అదే లైను ఏడుసార్లు కనిపించింది. ఏడు ఉన్నా ఒక్కటీ పనిచేయలేదు. ఎందుకంటే పోస్ట్‌గ్రెస్ ఆ ఫైలును పైనుంచి చదువుకుంటూ వచ్చి, మొదట సరిపోయిన లైను దగ్గరే ఆగిపోతుంది. పైన రిజెక్ట్ అని ఉంటే కింద ఎన్ని రాసినా దండగే. ఇప్పుడు లైను అతికించకుండా, ఫైలు మొత్తం టెంప్లేట్‌గా, అంటే అచ్చులా, పెట్టాను. వందసార్లు నడిపినా అదే ఫైలు ఉంటుంది.

నాకు బాగా నచ్చింది, మిల్లు మిషన్లలో ప్రత్యేకంగా ఏజెంట్ ప్రోగ్రాం ఏదీ ఎక్కించక్కర్లేకపోవడం. దూరం నుంచి లాగిన్ అయ్యే ఎస్‌ఎస్‌హెచ్, పైథాన్ ఉంటే చాలు. తౌడు దుమ్ములో పడి డిస్క్ పోయిన సర్వర్‌కు బదులు కొత్తది పెడితే, ఇంట్లో కూర్చునే అరగంటలో తయారు చేస్తున్నాను. డేటా మాత్రం బ్యాకప్ నుంచే రావాలి, ఆ పని ఆన్సిబుల్‌ది కాదు.

ఒక చిక్కు అందరికీ ఎదురయ్యేదే. ఉబుంటులో పోస్ట్‌గ్రెస్ ప్యాకేజీ ఎక్కించగానే డేటాబేస్ క్లస్టర్ (డేటాబేస్‌లన్నీ ఉండే చోటు) దానంతటదే తయారవుతుంది. ఆ సమయానికి మిషన్‌లో లొకేల్ (భాష, అక్షరాల సెట్టింగ్) పెట్టకపోతే, అక్షరాలను దాచుకునే పద్ధతి, అంటే ఎన్‌కోడింగ్, యూటీఎఫ్-8కు బదులు ఎస్‌క్యూఎల్ ఆస్కీ అవుతుంది. అప్పుడు పొడవు చూసేటప్పుడు అక్షరాలను కాదు, బైట్లను లెక్కపెడుతుంది. తెలుగులో ఒత్తు, గుణింతం గుర్తు సహా ఒక్కోదానికి 3 బైట్లు. రైతు పేరు తెలుగులో కొడితే సగంలోనే 'పొడవు ఎక్కువైంది' అని ఎర్రర్ వచ్చేది. అందుకే ముందు లొకేల్ పెట్టి, క్లస్టర్ దానంతటది తయారుకాకుండా ఆపి, ఆ తర్వాతే ప్యాకేజీ ఎక్కిస్తున్నాను.

అసలు దెబ్బ తగిలింది హ్యాండ్లర్ దగ్గర. ఫైలు మారితేనే సర్వీసును రీస్టార్ట్ చేసేది అదే, అదీ వరుస పనులన్నీ అయ్యాక, చివర్లో. ఒకసారి షేర్డ్ బఫర్స్ (పోస్ట్‌గ్రెస్ తన కోసం పట్టుకునే మెమరీ) 2 జీబీ అని రాయబోయి 20 రాశాను. మిషన్‌లో ఉన్న ర్యామే 8 జీబీ. ఫైలు మారింది, కానీ బ్యాకప్ ఫోల్డర్ లేక తర్వాతి పని దగ్గర ప్లేబుక్ ఆగిపోయింది. ఫోల్డర్ పెట్టి మళ్లీ నడిపాను. ఈసారి అంతా పచ్చగా, అంటే తప్పేమీ లేనట్టు, వచ్చింది. ఫైలు అప్పటికే మారి ఉంది కాబట్టి రీస్టార్ట్ జరగలేదు, నేనూ గమనించలేదు.

మూడు వారాలకు, యాసంగి వడ్లు దిగుతున్న రోజుల్లో, మిల్లులో కరెంటు పోయింది. యూపీఎస్ కూడా చేతులెత్తేసింది.

"తమ్మీ, కాంటా తెరుసుకుంటలేదు, బయట లారీలు ఆగినయ్" అని సేటు ఫోన్.

"చూస్తున్న సేటు, పది నిమిషాలు" అన్నాను. గంటన్నర పట్టింది. కరెంటు వచ్చాక కొత్తగా మొదలైన పోస్ట్‌గ్రెస్ ఆ 20 జీబీ అడిగింది. మెమరీ దొరకడం లేదని లాగ్‌లో మొదటి లైనులోనే ఉంది, కానీ మూడు వారాలుగా నడుస్తున్న సర్వర్‌లో నా తప్పు ఉంటుందని తట్టలేదు. కరెంటు పోయి డిస్క్ దెబ్బతిన్నదనే టెన్షన్‌లో దాన్నే వెతికాను.

ఆ తర్వాత మూడు మార్పులు చేశాను. మధ్యలో పని ఫెయిలైనా హ్యాండ్లర్లు నడిచేలా ఫోర్స్ హ్యాండ్లర్స్ పెట్టాను. షేర్డ్ బఫర్స్ ర్యామ్‌లో 40 శాతం దాటితే ప్లేబుక్ ముందే ఆగిపోతుంది. పోస్ట్‌గ్రెస్ డాక్యుమెంటేషన్ 25 శాతంతో మొదలుపెట్టమంటుంది, 40 దాటితే పెద్దగా లాభం ఉండదంటుంది. ఇక చివర్లో రీలోడ్ చేసి (ఆపకుండానే ఫైలు మళ్లీ చదివించి), పోస్ట్‌గ్రెస్ సెట్టింగుల పట్టిక పీజీ సెట్టింగ్స్‌లో పెండింగ్ రీస్టార్ట్ అనే కాలమ్ చూపించమంటాను. రీస్టార్ట్ అయితేగానీ అమలుకాని మార్పు ఉంటే అది చెబుతుంది. ఆన్సిబుల్ ఇచ్చే పచ్చరంగు ఫైలు గురించి చెబుతుంది, లోపల నడుస్తున్న డేటాబేస్ గురించి కాదు.

ప్లేబుక్ రాసే యామల్‌లో ఖాళీల గొడవ విసిగిస్తుంది, అలవాటవుతుంది. ఒక్కటే సర్వర్ ఉన్నవాళ్లకు ఇదంతా నేర్చుకోవడం అనవసరమనే అంటాను. నాలుగు దాటితే మాత్రం ఇదే వాడండి.

రీస్టార్ట్ పెండింగ్ అని వస్తే నేను వెంటనే కొట్టను. చివరి లారీ కాంటా దిగిందా అని సేటుకు ఫోన్ చేసి, రాత్రి పది తర్వాత కొడతాను.