పాత రేడియల్ ఇంజన్ల కోసం: వాషింగ్టనా, రైన్‌బెక్కా?

రేడియల్ అంటే సిలిండర్లు నక్షత్రంలా చుట్టూ అమరిన ఇంజన్. విమాన ఇంజన్లంటే ప్రాణం పెట్టేవాళ్లు అమెరికా తూర్పు తీరానికొస్తే వాషింగ్టన్‌లోని మ్యూజియం, న్యూయార్క్ రాష్ట్రంలోని రైన్‌బెక్ ఏరోడ్రోమ్ రెండూ చూడాలి. ఒక్కటే కుదిరితే మాత్రం నా ఓటు రైన్‌బెక్‌కే.

వాషింగ్టన్‌లోని నేషనల్ ఎయిర్ అండ్ స్పేస్ మ్యూజియంలో ప్రవేశం ఉచితమే కానీ, టైమ్ స్లాట్ పాస్ ఆన్‌లైన్‌లో ముందే తీసుకోవాలి. బస హెర్న్‌డన్ వైపు చూసుకోండి. మాకు ఊరి నడుమ కంటే చవగ్గా దొరికింది, మన భోజనానికీ ఇబ్బంది లేదు. సిల్వర్ లైన్ మెట్రో ఎక్కితే రైలు మారకుండా లాన్‌ఫాంట్ ప్లాజాలో దిగి నడిచిపోవచ్చు.

అక్కడ చూడాల్సింది స్పిరిట్ ఆఫ్ సెయింట్ లూయిస్ అనే విమానం ముక్కు. 1927లో పైలట్ లిండ్‌బర్గ్‌ని న్యూయార్క్ నుంచి పారిస్ చేర్చిన రైట్ జె-5 వర్ల్‌విండ్ ఇంజన్ సిలిండర్లు తొమ్మిదీ బయటికే కనిపిస్తాయి. రేడియేటర్ లేదు, నీళ్ల గొట్టాలు లేవు. ఎదురుగాలే చల్లబరచాలి, అందుకే సిలిండర్ల ఒంటినిండా పల్చటి లోహపు రేకులు. ఒకటి విడిచి ఒకటి మండుతూ పోవాలి కాబట్టి బేసి సంఖ్య. 220 హార్స్‌పవర్ పైచిలుకు ఇంజన్, ముప్పై మూడున్నర గంటలు ఆగకుండా తిరిగింది! దీన్ని రూపొందించిన ఛార్లెస్ లారెన్స్‌కి ఆ ఏడాది విమానయాన రంగంలో ఇచ్చే కాలియర్ ట్రోఫీ ఇచ్చారు. లిండ్‌బర్గ్‌తో సమానంగా తలుచుకోవాల్సిన మనిషి.

అయితే ఆ ఇంజన్ చప్పుడు వినలేం. దానికోసమే పాత విమానాలని ఇప్పటికీ ఎగరేసి చూపించే ఓల్డ్ రైన్‌బెక్ ఏరోడ్రోమ్. న్యూయార్క్ పెన్ స్టేషన్‌లో ఆమ్‌ట్రాక్ రైలు ఎక్కి రైన్‌క్లిఫ్‌లో దిగాలి. ఎడమ కిటికీ పక్కన కూర్చుంటే దారిపొడవునా హడ్సన్ నదే. స్టేషన్‌కి వస్తానన్న టాక్సీ మాకు రానేలేదు, చాలాసేపు టెన్షన్ పడ్డాం. కారు అద్దెకి తీసుకోవడం మేలు.

వేసవి నుంచి అక్టోబర్ దాకా శని, ఆదివారాల్లో షోలుంటాయి. అక్కడి 1909 నాటి బ్లెరియో విమానానికి ఆంజాని కంపెనీ మూడు సిలిండర్ల ఇంజన్. దాన్ని తయారుచేసిన లూయీ బ్లెరియో ఆ ఏడాది ఇంగ్లిష్ ఛానల్ దాటిందీ ఆంజాని మూడు సిలిండర్లతోనే, 25 హార్స్‌పవర్‌తో. ప్రొపెల్లర్‌ని చేత్తో తిప్పగానే టప్, టప్, టప్ అంటూ ఒక్కో దెబ్బా విడివిడిగా వినిపిస్తుంది. నీలిపొగ గడ్డి మీదుగా పాకుతుంది. గాలి నిలిచి ఉంటేనే కాస్త పైకి లేపుతారు, నేరుగా కొద్ది దూరం పోయి దిగిపోతుంది. ఆముదం వాసన వస్తే అది పక్కనున్న రోటరీ ఇంజన్లది, వాటికి కందెన ఆముదమే. వాటిలో సిలిండర్లే ప్రొపెల్లర్‌తో పాటు గిర్రున తిరుగుతాయి.

1929 నాటి న్యూ స్టాండర్డ్ బైప్లేన్‌లో (రెండు వరసల రెక్కల విమానం) రైడ్ కూడా ఉంది. ముందు సీట్లలో నలుగురు కూర్చోవచ్చు, రేడియల్ హోరు సరిగ్గా ఎదురుగా. డబ్బుకి వెనకాడకండి, పొద్దున్నే పేరు రాయించుకోండి. వీకెండ్‌లో రైన్‌బెక్ ఊళ్లో గదులు బాగా ఖరీదు. నది దాటి కింగ్‌స్టన్‌లో ఉంటే సరిపోతుంది.