వేసవిలో అల్‌హంబ్రా: టికెట్ మీది టైమే అసలు సంగతి

వేసవి సెలవుల్లో స్పెయిన్ వెళ్ళేవాళ్ళు బార్సిలోనా, మాడ్రిడ్ తర్వాత గ్రనాడాను కలుపుకుంటున్నారంటే చాలామందికి కారణం ఒక్కటే, అక్కడి కొండ మీద సుల్తానులు కట్టిన కోట అల్‌హంబ్రా. చూడదగ్గదేనా అంటే కచ్చితంగా. జూలైలో కూడానా అంటే మాత్రం, టికెట్ మీద ఏ టైము పడిందో చూసి చెప్పాలి.

అల్‌హంబ్రా అంటే ఒక్క భవనం కాదు. కొండ మీద నాలుగు వేర్వేరు చోట్లున్నాయి. పడమటి కొసన సైనికుల కోట అల్కసాబా. మధ్యలో గ్రనాడాను ఏలిన నస్రీద్ వంశపు సుల్తానులు ఉన్న నస్రీద్ ప్యాలెస్‌లు. వాటిని ఆనుకుని, గ్రనాడా స్పెయిన్ రాజుల చేతికి వచ్చాక 1527లో మొదలుపెట్టిన ఐదో చార్లెస్ ప్యాలెస్. పక్క కొండవాలు మీద హెనెరలీఫె తోటలు. వీటిలో నస్రీద్ ప్యాలెస్‌లకు మాత్రమే టైము పెట్టి పంపిస్తారు. అరగంటకు 300 మందినే వదులుతారు. టికెట్ మీద 10:00 అని ఉంటే 10:00 నుంచి 10:30 లోపు ఆ గుమ్మం దాటాలి. ఆ తర్వాత వస్తే ఎంత బతిమాలినా లోపలికి పంపరు, డబ్బు తిరిగి రాదు. మిగతావి ఆ టైముకు ముందో వెనకో చూసుకోవచ్చు, కానీ ఒక్కోదానికి టికెట్ ఒక్కసారే స్కాన్ అవుతుంది. హెనెరలీఫె నుంచి బయటికొచ్చి మళ్ళీ వెళ్దామంటే కుదరదు.

మామూలు టికెట్ దాదాపు 20 యూరోలు. కొనాల్సింది అల్‌హంబ్రా పాలక సంస్థ పత్రొనాతో అధికారిక సైట్‌లోనే. వెతికితే అధికారికంలా కనిపించే సైట్లు పైకి తేలతాయి. అవి అదే టికెట్‌ను గైడ్ పేరు చెప్పి రెండు మూడు రెట్లకు అమ్ముతాయి. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా ఉదయం స్లాట్లు వారాల ముందే అయిపోతాయి కాబట్టి, విమానం టికెట్ తీసుకున్న రోజే ఇదీ తీసుకోవడం మంచిది. హోటల్ సంగతి తర్వాత చూసుకోవచ్చు.

టికెట్ పేరు మీద ఇస్తారు. బుక్ చేసేటప్పుడు పాస్‌పోర్ట్ నంబర్ ఇవ్వాలి, గుమ్మాల దగ్గర అసలు పాస్‌పోర్ట్ చూస్తారు. ఫోన్‌లో ఫొటో ఉందంటే సరిపోతుందని నమ్ముకోకండి. మన తెలుగువాళ్ళకు ఇక్కడ ఒక చిక్కు. ఫారంలో పేరుకు ఒక గడి, ఇంటిపేరుకు ఒక గడి ఉంటాయి. మనం రోజూ రాసుకునే వరుస పక్కనపెట్టి, పాస్‌పోర్ట్‌లో సర్‌నేమ్ దగ్గర ఏముందో అదే కొట్టాలి. చిన్నపిల్లలకు డబ్బు లేకపోయినా వాళ్ళ పేరన కూడా టికెట్ తీయాల్సిందే. తీయకపోతే ఆ 300 మంది లెక్కలో పిల్లాడికి చోటు ఉండదు, తల్లిదండ్రుల్లో ఒకరు బయటే ఆగిపోవాలి.

ఏ స్లాట్ తీసుకోవాలి? ఏప్రిల్ నుంచి అక్టోబర్ మధ్య దాకా ఉదయం 8:30కి తెరిచి రాత్రి 8కి మూస్తారు. మొదటి స్లాట్ దొరికితే ఇంక ఆలోచించక్కర్లేదు. ప్యాలెస్‌ల లోపలి సింహాల ముంగిలిలో జనం తలలు అడ్డురాకుండా స్తంభాలు కనిపించేది ఆ అరగంటలోనే. అది దొరక్కపోతే సాయంత్రం 5 తర్వాతది చూడండి. మధ్యాహ్నం 12 నుంచి 4 మధ్యది అస్సలు వద్దు. గ్రనాడా సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తులో ఉన్నా జూలైలో మధ్యాహ్నం 35 డిగ్రీలు మామూలు, వడగాలుల రోజుల్లో 40 దాకా పోతుంది. మన ఉక్కపోతలా చెమట కారదు, అందుకే దాహం వేస్తున్నట్టు తెలియక దెబ్బతింటారు.

కొండ ఎక్కడానికి దారులు రెండు. ఇసబెల్ లా కతోలికా కూడలి నుంచి సీ30 అనే చిన్న ఎర్ర బస్సు పై ద్వారం దాకా తీసుకెళ్తుంది. నడిచి వెళ్ళేవాళ్ళు ప్లాసా నుయేవా నుంచి గొమేరెస్ వీధి పట్టుకుని, దానిమ్మల ద్వారం దాటి, చెట్ల నీడలో 20–25 నిమిషాలు ఎక్కాలి. చాలామంది ఇక్కడే తప్పు లెక్క వేస్తారు. టికెట్ కౌంటర్లున్న పై ద్వారం హెనెరలీఫె పక్కన ఉంది. అక్కడి నుంచి నస్రీద్ ప్యాలెస్‌ల గుమ్మానికి మళ్ళీ పావుగంట పైనే నడక. 9:00 టికెట్ పెట్టుకుని 9:10కి పై ద్వారం దగ్గర బస్సు దిగితే ఆ తర్వాత పరుగే. టికెట్ ఫోన్‌లోనో కాగితం మీదో ముందే ఉన్నవాళ్ళకు కౌంటర్‌తో పనే లేదు. 1348లో కట్టిన హుస్తీసియా ద్వారం, అంటే న్యాయద్వారం, నుంచి నేరుగా లోపలికి వస్తే నస్రీద్ వరుస అయిదు నిమిషాల దూరం. నడిచి ఎక్కేవాళ్ళకు దారిలో ముందు తగిలేదీ ఇదే.

ఇక ప్యాలెస్‌ల లోపలి సంగతి. వెళ్ళినవాళ్ళు అందరూ గోడలే ఫొటో తీస్తారు. గోడలు గొప్పవే. నడుం ఎత్తు దాకా రంగు పెంకుల అల్లిక, దాని పైన చెక్కిన గచ్చు పూత, ఆపైన దేవదారు కలప కప్పు. మొదటిసారి చూసేవాళ్ళు ఆ చెక్కడం పాలరాతిదనుకుంటారు. కాదు, ఎక్కువ భాగం జిప్సం. వేలితో గీస్తే రాలిపోయేంత మెత్తన. అందుకే చేయి తగిలితే కాపలావాళ్ళు వెంటనే అరుస్తారు, వీపు సంచి ముందుకు వేసుకోమంటారు. అల్లా తప్ప విజేత లేడనే నస్రీద్ వంశపు నినాదం ఆ గోడల మీద లెక్కలేనన్నిసార్లు కనిపిస్తుంది. ఒకసారి ఆ అక్షరాల ఆకారం గుర్తుపట్టారంటే ఇంక ఎక్కడ చూసినా అదే.

కానీ అసలు పనితనం నీళ్ళలో ఉంది. దార్రో నది నుంచి సుమారు 6 కిలోమీటర్ల కాలువ తవ్వి ఈ కొండ మీదికి నీళ్ళు తెచ్చారు. కొమారెస్ ముంగిలిలోని పొడవాటి కొలను దగ్గర రెండు కొసల్లో కాస్త వంగి చూడండి. చిన్న గుండ్రటి తొట్టిలోంచి నీళ్ళు ఉబికి, సన్నటి కాలువలో నెమ్మదించి, కొలనులోకి అల లేకుండా జారతాయి. ఆ నెమ్మది వల్లే ఎదుటి బురుజు నీళ్ళలో అద్దంలో పడ్డట్టు నిలుస్తుంది. సింహాల ముంగిలిలో ఇంకో పద్ధతి. 124 స్తంభాల మధ్య 12 సింహాలు మోసే తొట్టి, అక్కడి నుంచి నాలుగు వైపులా నేల మీదే నాలుగు కాలువలు. తొట్టి అంచు చుట్టూ ఇబ్న్ జమ్రక్ అనే ఆస్థానకవి పద్యం చెక్కి ఉంది. సింహాల మరమ్మత్తు 2012లో ముగిసింది, ఇప్పుడు పాలరాయి తెల్లగా కనిపిస్తుంది. ఆ స్తంభాలకూ వాటి తలకట్లకూ మధ్య సీసపు రేకు పెట్టారు. భూకంపం వస్తే రాయి పగలకుండా కాస్త కదిలే వెసులుబాటు అన్నమాట.

ఇద్దరు అక్కచెల్లెళ్ళ గది అనే చోట గుమ్మం దాటగానే ఆగకుండా నడి మధ్యకు వెళ్ళి తల ఎత్తండి. తేనెపట్టులా వేలాడే వేల చిన్న పలకలు కిటికీల వెలుతురులో కనిపిస్తాయి. గుమ్మంలోనే ఆగిపోయేవాళ్ళ వల్లే అక్కడ తోపులాట.

ఫిర్యాదులూ ఉన్నాయి. లోపల వివరణ బోర్డులు చాలా తక్కువ. ఏ గది ఎవరిదో, ఏ సుల్తాన్ కాలానిదో ముందే చదువుకుని రాకపోతే అన్నీ ఒకేలా అనిపించి ముప్పావు గంటలో బయటపడతారు. దారి ఒకవైపే, వెనక్కి వెళ్ళడం కుదరదు. నస్రీద్ ప్యాలెస్‌ల లోపల మరుగుదొడ్లు లేవు, వరుసలో నిలబడే ముందే ఆ పని చూసుకోవాలి. ఎండలో ఆ వరుస అరగంట కూడా ఉండొచ్చు, నీడ అంతంతమాత్రం. మెట్లు, ఇరుకు గుమ్మాల వల్ల స్ట్రోలర్ ఒక భారం తప్ప ఉపయోగం లేదు.

అల్కసాబాకు ఎక్కువ సమయం అక్కర్లేదు. చెట్టు నీడ లేని రాతి కోట. వేలా బురుజు పైకెక్కితే ఒకవైపు ఊరు, ఇంకోవైపు సియెర్రా నెవాదా కొండలు. 11 లోపు ఎక్కి దిగేయాలి. ఐదో చార్లెస్ ప్యాలెస్‌కు టికెట్ లేదు. బయటి నుంచి చతురస్రం, లోపల గుండ్రటి ముంగిలి. నట్టెండలో కాసేపు తలదాచుకోవడానికి ఇంతకన్నా మంచి చోటు లేదు. అందులోని అల్‌హంబ్రా మ్యూజియం సోమవారం మూసి ఉంటుంది.

హెనెరలీఫెను మాత్రం తొందరపడి ముగించకండి. ఆసెకియా ముంగిలిలో అడ్డంగా ఎగిరే ఫౌంటెన్లు అందరికీ నచ్చుతాయి కానీ అవి సుల్తానుల కాలానివి కావు, చాలా తర్వాత పెట్టినవి. పాతది చూడాలంటే ఇంకా పైకి, నీటి మెట్ల దాకా వెళ్ళాలి. లారెల్ చెట్ల గుబురు కింద మెట్లదారి, రెండు పక్కలా చేయి ఆనించే పిట్టగోడ. ఆ పిట్టగోడ తలమీదే కాలువ తొలిచారు, కొండ నుంచి వచ్చే నీళ్ళు అందులో గలగలా దిగుతుంటాయి. జూలై మధ్యాహ్నం కూడా అక్కడ గాలి చల్లగా తగులుతుంది.

రాత్రి టికెట్ గురించి చాలామందికి తెలియదు. వేసవిలో మంగళవారం నుంచి శనివారం దాకా రాత్రి 10 నుంచి 11:30 వరకు నస్రీద్ ప్యాలెస్‌లు చూపిస్తారు, పగటి టికెట్‌లో సగానికి కాస్త అటూఇటూ ధరకు. జూలైలో పొద్దు గుంకేదే తొమ్మిదిన్నర ప్రాంతంలో. జనం తక్కువ, ఎండ లేదు. కానీ పై కప్పుల చెక్కడం చీకట్లో సగమే తెలుస్తుంది, అల్కసాబా ఇందులో లేదు. మొదటిసారి వెళ్ళేవాళ్ళు ఇదొక్కటే తీసుకుంటే తర్వాత బాధపడతారు. పగటి టికెట్ ఉన్నవాళ్ళకు అదనంగా అయితే బాగుంటుంది.

తిండి కొండ మీద కాదు, కింద ఊళ్ళో తినండి. గ్రనాడా బార్లలో ఏదైనా పానీయం అడిగితే చిన్న పళ్ళెంలో తాపా అనే చిరుతిండి ఉచితంగా వస్తుంది. శాకాహారులు మాంసం వద్దని చెప్పినంత మాత్రాన సరిపోదు. ట్యూనా చేప, హామ్ ముక్కలు అప్పుడూ రావచ్చు. ‘సిన్ కార్నె, సిన్ హమోన్, సిన్ పెస్కాదో’ (మాంసం, హామ్, చేప వద్దు) అని మూడూ చెప్పాలి. వంకాయ వేపుడు మీద చెరకు పాకం పోసి ఇచ్చే బెరెన్‌హేనాస్ మన నోటికి బాగా పడుతుంది. రాత్రి భోజనం 8:30కి ముందు చాలా చోట్ల దొరకదు.

అన్ని టికెట్లూ అయిపోతే? గ్రనాడా కార్డ్ అనే సిటీ పాస్‌లో అల్‌హంబ్రా కోటా విడిగా ఉంటుంది, అది చూడండి. అదీ లేకపోతే తోటలు, అల్కసాబా మాత్రమే ఉన్న టికెట్ ఉంది. దాంతో నస్రీద్ ప్యాలెస్‌లలోకి పంపరని గుర్తుపెట్టుకోండి, కొనేటప్పుడు తొందరలో దీన్నే మామూలు టికెట్ అనుకునేవాళ్ళు తక్కువేం కాదు. ఏ టికెట్టూ లేకున్నా న్యాయద్వారం గుండా లోపలి వీధుల్లోకి, ఐదో చార్లెస్ ప్యాలెస్‌లోకి వెళ్ళొచ్చు. సాయంత్రం ఎదుటి కొండ అల్బైసీన్ మీద సాన్ నికొలాస్ చౌరస్తా నుంచి కోట మొత్తం కనిపిస్తుంది. సీ32 బస్సు అటు పోతుంది. పొద్దు గుంకే వేళకు అక్కడ గోడ మీద కూర్చునే చోటుండదు, గంట ముందే చేరాలి, జేబులు, ఫోన్లు జాగ్రత్త. కింద కేథడ్రల్ చుట్టుపక్కల ఎవరైనా రోజ్‌మేరీ కొమ్మ చేతిలో పెట్టబోతే తీసుకోకండి. తీసుకున్నారంటే చెయ్యి చూసి జోస్యం చెప్పి డబ్బు అడుగుతారు.