బెజవాడ ఆడవాళ్ళకి హెచ్చరిక: "నెలలో 8 కిలోలు" అంటే డబ్బు కట్టకండి

పోయిన కార్తీకంలో పటమట వైపు ఉన్న ఒక బరువు తగ్గించే సెంటర్‌లో 18,500 రూపాయలు కట్టి చేరాను. ముప్ఫై ఎనిమిదో రోజున రక్తంలో పొటాషియం 2.9కి పడిపోయి రెండు రాత్రులు ఆసుపత్రిలో ఉన్నాను. ఇన్నాళ్ళూ ఇంట్లోవాళ్ళకి తప్ప పెద్దగా ఎవరికీ చెప్పలేదు. మొన్న మా అపార్ట్‌మెంట్ లిఫ్ట్ పక్కన ఆ సెంటర్ కరపత్రమే అంటించి ఉంది. సమ్మర్ ఆఫర్, నెలలో 8 కిలోలు, మెనోపాజ్ మహిళలకు ప్రత్యేక ప్యాకేజీ అట. ఆ సాయంత్రమే మూడో అంతస్తు అక్క ఫోన్ చేసి, "నువ్వు అక్కడే కదమ్మా తగ్గావు, నన్ను కూడా తీసుకెళ్ళు" అంది. ఇక ఊరుకోలేక రాస్తున్నాను. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి సెంటర్ పేరు రాయను. పేరు మారినా వీళ్ళు చేసే పని ఒకటే, అది తెలిస్తే చాలు.

నాకు 49. ఎత్తు 154 సెంటీమీటర్లు. నలభై అయిదు దాకా 58 కిలోల దగ్గర ఉండేదాన్ని. నెలసరి తప్పడం మొదలైన రెండేళ్ళలో 69కి వచ్చాను. తిండి పెరగలేదు, పని తగ్గలేదు, పొట్ట మాత్రం ముందుకొచ్చింది. పెళ్ళప్పటి జాకెట్ల సంగతి వదిలెయ్యండి, పోయినేడాది కుట్టించుకున్నవి కూడా పట్టలేదు. రాత్రిళ్ళు ఒళ్ళంతా సెగలు, నిద్ర లేదు. మాఘంలో మా మరిది కూతురి పెళ్ళి. ఫోటోల్లో ఎలా కనిపిస్తానో అని దిగులు. ఈ వయసులో ఉన్న ఆడవాళ్ళందరికీ ఈ దిగులు తెలుసు, ఆ సెంటర్ వాళ్ళకి ఇంకా బాగా తెలుసు.

నేను ఉదయం నడకకి వెళ్ళే చోట గేటు బయట ఒక బల్ల వేసుకుని ఇద్దరు అమ్మాయిలు కూర్చున్నారు. "ఉచిత బాడీ చెకప్ మేడమ్, రెండు నిమిషాలే." చెప్పులు విప్పి మెషీన్ మీద నిలబడి, రెండు చేతులతో పిడులు పట్టుకోమన్నారు. చీటీ వచ్చింది. ఒకమ్మాయి అందులో ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి చూపించింది: "మీ బాడీ ఏజ్ 64 మేడమ్." ఆ మాటకి నా కాళ్ళు వణికాయి. మా అమ్మ పోయింది అరవై ఆరో ఏట. అక్కడే నిలబడి ఫోన్ నుంచి 2,000 అడ్వాన్స్ పంపించేశాను, మిగతాది మర్నాడు సెంటర్‌కి వెళ్ళి కట్టాను.

తర్వాత డాక్టరుగారు చెప్పారు, ఆ మెషీన్ ఒంట్లోకి సన్నటి కరెంటు పంపి, అది ఎంత సులువుగా పోతోందో చూసి కొవ్వెంతో లెక్క కడుతుందట. అంతకు ముందు నీళ్ళు తాగామా, టిఫిన్ తిన్నామా, చెమట పట్టిందా, వీటన్నిటికీ అంకె మారిపోతుంది. నేను ఆ రోజు నలభై నిమిషాలు నడిచి, చెమటతో వెళ్ళి నిలబడ్డాను. ఇక బాడీ ఏజ్ అనేది ఏ డాక్టరూ వైద్యం మొదలుపెట్టడానికి చూసే కొలత కాదు. ఇంట్లో జాకెట్టు కొలతలు తీసే టేపుతో పొట్ట చుట్టూ కొలుచుకుంటే అంతకంటే పనికొచ్చే సంగతి తెలుస్తుంది. మన దేశపు ఆడవాళ్ళకి 80 సెంటీమీటర్లు, అంటే సుమారు ముప్ఫై ఒకటిన్నర అంగుళాలు దాటితే జాగ్రత్త పడాలి. ఎత్తుకి తగ్గ బరువు చూసే బీఎంఐ మనకి 23 లోపు ఉంటే మంచిది, 25 దాటితే ఊబకాయం కింద లెక్క. నాది 29. అంటే నేను తగ్గవలసిన మాట నిజమే. ఎలా తగ్గాలి అన్న చోటే నన్ను ముంచారు.

ప్యాకేజీలో ఇచ్చినవి ఇవీ. ఉదయం, రాత్రి అన్నం టిఫిన్ల బదులు నీళ్ళలో కలుపుకునే పొడి. మధ్యాహ్నం ఒక చిన్న కప్పు కూర, రెండు పుల్కాలు. రోజుకి మూడుసార్లు "డిటాక్స్ టీ". రాత్రి పడుకునే ముందు ఆకుపచ్చ క్యాప్సూల్ ఒకటి. పెరుగు వద్దు, పప్పు వద్దు, అరటిపండు అసలే వద్దు. అన్నీ కలిపితే రోజుకి 700 కేలరీలు కూడా రావని ఆసుపత్రిలో డైటీషియనమ్మ లెక్క వేసి చెప్పింది. 800 లోపు తిండి పెట్టి బరువు తగ్గించడం డాక్టర్ల పర్యవేక్షణలో, రక్తపరీక్షలు చేస్తూ చేయవలసిన పని. ఎక్కువ కూర్చుని చేసే పనులున్న ఆడమనిషికి రోజుకి 1,660 కేలరీలు కావాలని మన హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ లెక్క. అందులో సగం కూడా నాకు అందలేదు.

మొదటి పదిహేను రోజుల్లో నాలుగున్నర కిలోలు తగ్గాను. సెంటర్‌లో చప్పట్లు కొట్టించారు, ఫోటో తీసి వాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టారు. ఆ ఫోటో చూసి మా అపార్ట్‌మెంట్ నుంచే ఇంకో ఇద్దరు చేరారు. ఆ ఇద్దరికీ నేను విడిగా క్షమాపణ చెప్పాను. అప్పుడు నాకు తెలియని విషయం ఏమిటంటే, తిండి ఒక్కసారిగా తగ్గిస్తే ముందు పోయేది కొవ్వు కాదు. కండల్లో, కాలేయంలో దాచుకున్న పిండిపదార్థం, దాన్ని పట్టుకుని ఉన్న నీళ్ళు పోతాయి. ఆ పైన టీ వల్ల రోజుకి నాలుగైదు విరేచనాలు. "లోపలి విషాలు పోతున్నాయి మేడమ్, మంచిదే" అనేది కోచ్ అమ్మాయి. పోయింది నీళ్ళూ లవణాలూ.

మూడో వారం నుంచి రాత్రిళ్ళు పిక్కలు పట్టెయ్యడం మొదలైంది. మామూలు నొప్పి కాదు, పిక్క రాయిలా గట్టిపడిపోయేది. మా ఆయన లేచి అరగంట సేపు నూనె రాస్తేగాని వదిలేది కాదు. జడ వేసుకుంటే దువ్వెన నిండా జుట్టు. మేడ మెట్లు పది ఎక్కితే గుండె దడ. కోచ్‌కి ఫోన్ చేస్తే, "అది హీలింగ్ క్రైసిస్ అండీ, శరీరం మారుతున్నప్పుడు అలాగే ఉంటుంది. టీ ఇంకో కప్పు పెంచండి" అంది. పెంచాను. ఎంత బుద్ధిగా పెంచానంటే, పొద్దున్నే ఫ్లాస్కులో పోసి ఆఫీసుకి కూడా పట్టుకెళ్ళాను. ముప్ఫై ఎనిమిదో రోజు వంటింట్లో పోపు పెడుతూ కళ్ళు తిరిగి పడిపోయాను. పొయ్యి వెలుగుతూనే ఉంది. ఆ టైముకి మా అమ్మాయి ఇంట్లో ఉంది కాబట్టి సరిపోయింది.

ఆసుపత్రిలో డాక్టరుగారు మొదట అడిగిన ప్రశ్న: "ఏం మందులు వాడుతున్నారమ్మా?" ఆ ప్రశ్న ముప్ఫై ఎనిమిది రోజుల్లో సెంటర్‌లో ఒక్కరూ అడగలేదు. నేను మూడేళ్ళుగా బీపీ మాత్ర వేసుకుంటున్నాను. అందులో మూత్రం ఎక్కువగా పోయేలా చేసే మందు కూడా కలిసి ఉందట. దాంతో పొటాషియం కొంత పోతుంది, మామూలుగా మనం తినే పప్పు, పండ్లు, కూరలు ఆ లోటు పూడుస్తాయి. టీ ప్యాకెట్ తెప్పించి చూశారు. వెనక ఇంగ్లీషులో చిన్న అక్షరాల్లో ఉన్న ఒక పేరు చూపించి, "ఇది సునాముఖి ఆకమ్మా" అన్నారు. మన నాయనమ్మలు మలబద్ధకానికి ఒక పూట కషాయం పెట్టి ఇచ్చే ఆకు. దాన్ని నేను రోజుకి మూడు నాలుగు కప్పులు, అయిదు వారాలు తాగాను. మూత్రంలో పోతోంది, విరేచనాల్లో పోతోంది, తిండిలో రావడం లేదు. పొటాషియం 3.5కి పైన ఉండాలి. ఇంకా తగ్గి ఉంటే గుండె లయ తప్పేదని ఆయన చెప్పినప్పుడు మా ఆయన బయటకి వెళ్ళిపోయారు. ఆయన ఏడవడం నేను చూడకూడదని.

క్యాప్సూల్ డబ్బా మీద అసలు ఏముందో రాయలేదు. కంపెనీ పేరు లేదు, బ్యాచ్ నంబరు లేదు, తేదీ లేదు. ఇలాంటి వాటిలో సిబుట్రమిన్ అనే మందు దొంగతనంగా కలిపినవి గతంలో ఎన్నో దేశాల్లో దొరికాయి. గుండెపోటు, పక్షవాతం ముప్పు పెంచుతుందని మన ప్రభుత్వం దాన్ని 2011లో నిషేధించింది. నా డబ్బాలో అదే ఉందని నేను అనడం లేదు. ఏముందో రాయని క్యాప్సూల్ మింగకూడదు, అంతే. తినే పదార్థమైతే ప్యాకెట్ మీద 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) లైసెన్స్ నంబరు ఉండాలి. నా పొడి డబ్బా మీద ఉంది, టీ మీదా క్యాప్సూల్ మీదా లేదు. ఒకదాని మీద చూసి అన్నిటికీ ఉందనుకున్నాను.

ఇంకో మాట. ఊబకాయాన్ని మందుతో నయం చేస్తాం అని ప్రకటన ఇవ్వడమే 1954 నాటి ఒక కేంద్ర చట్టం ప్రకారం తప్పు. ఆ చట్టంలో ఏ జబ్బులకి ప్రకటనలు ఇవ్వకూడదో జాబితా ఉంది, అందులో ఊబకాయం ఉంది. కరపత్రం చూడగానే ఆ సంగతి గుర్తుకు రావాలి.

డబ్బు సంగతి. ఆసుపత్రి నుంచి వచ్చాక మా అమ్మాయి వెళ్ళి అడిగింది. నాకు ఇచ్చింది బిల్లు కాదు, తెల్లకాగితం మీద రబ్బరు స్టాంపు వేసిన చీటీ. "సభ్యత్వ రుసుము, తిరిగి ఇవ్వబడదు" అని ఉంది. 15,500 సభ్యత్వానికి, 3,000 వస్తువులకి అట. ఆ విడదీత చీటీలోనే ఉంది, సంతకం పెట్టేటప్పుడు నేను చదవలేదు. మర్నాటి నుంచి నా నంబరు బ్లాక్ చేశారు, గ్రూపులోంచి తీసేశారు. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడమే అనుచిత వ్యాపార పద్ధతి. నేను జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేశాను, తెలుగులోనే మాట్లాడారు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. 5 లక్షల లోపు కేసుకి ఫీజు లేదు, రెండేళ్ళ లోపు వెయ్యాలి. మీలో ఎవరైనా "పోనీలే, పరువు తక్కువ" అని ఊరుకుని ఉంటే ఆ రెండేళ్ళ లెక్క చూసుకోండి.

ఎక్కడైనా సరే డబ్బు కట్టే ముందు మీరు వేసుకునే మాత్రల పట్టీ బల్ల మీద పెట్టి, "ఇవి వాడుతున్నాను, మీ టీ తాగచ్చా?" అని అడగండి. "అన్నీ నేచురలే మేడమ్" అని జవాబు వస్తే లేచి వచ్చెయ్యండి. థైరాయిడ్ మాత్ర, షుగరు మాత్ర వేసుకునేవాళ్ళు మరీ ముఖ్యంగా. తిండి సగానికి తగ్గించి షుగరు మాత్ర అదే మోతాదులో వేసుకుంటే షుగరు పడిపోవచ్చు. చేరే ముందు థైరాయిడ్ పరీక్ష చేయించుకోమని చెప్పని చోటికి అసలు వెళ్ళకండి. మన వయసులో బరువు పెరగడానికి అదీ ఒక కారణం కావచ్చు కదా. మరీ తొందరగా తగ్గితే పిత్తాశయంలో రాళ్ళు ఏర్పడే ప్రమాదం కూడా ఉంది.

నెలసరి ఆగే వయసులో ఈస్ట్రోజెన్ తగ్గడం వల్ల కొవ్వు తుంటి దగ్గర కాకుండా పొట్టలో చేరుతుందని, కండ తగ్గుతూ పోతుందని, ఎముక కూడా పలచబడుతుందని డైటీషియనమ్మ బొమ్మ గీసి చెప్పింది. అలాంటప్పుడు పస్తులుంటే ఉన్న కండ కూడా కరుగుతుంది, మళ్ళీ తినగానే బరువు తిరిగి వస్తుంది. నాకు అలాగే వచ్చింది. తగ్గిన ఆరు కిలోల్లో అయిదు రెండు నెలల్లో తిరిగొచ్చాయి.

ఇప్పుడు నా తిండి మన తిండే. పొద్దున రెండు పెసరట్లు, అల్లం పచ్చడి, ఉప్మా లేకుండా. మధ్యాహ్నం ముందు కూర, ముద్దపప్పు, ఆ తర్వాతే అన్నం, గిన్నెతో కొలిచి. గోంగూర పప్పు మానలేదు, ఆవకాయ ఒక చిన్న ముక్క. సాయంత్రం ఉడికించిన శనగలు. రాత్రి ఏడున్నరకి జొన్నరొట్టె, గుడ్డు, పలుచటి మజ్జిగ. నడకతో పాటు కుర్చీలోంచి చేతులు పట్టుకోకుండా పదిహేనుసార్లు లేచి కూర్చోవడం, లీటరు సీసాలు రెండిట్లో నీళ్ళు నింపి ఎత్తడం. రెండున్నర నెలల్లో రెండు కిలోలు తగ్గాను, నడుం రెండు అంగుళాలు తగ్గింది. పిక్కలు పట్టడం లేదు. రాత్రి పడుకుంటే తెల్లారే దాకా మెలకువ రావడం లేదు.

బెజవాడ ఎండలు మొదలయ్యాయి. ఈ ఎండల్లో మామూలుగానే ఒంట్లో నీళ్ళు నిలవవు. ఆ టీ ఈ రోజుల్లో తాగితే నాకు అయిదు వారాల్లో జరిగింది మీకు ఇంకా ముందే జరగచ్చు. ఇప్పటికే తాగుతూ పిక్కలు పట్టేస్తున్నా, దడగా ఉన్నా, కోచ్‌కి ఫోన్ చెయ్యకండి. ప్యాకెట్టూ మీ మాత్రలూ తీసుకుని దగ్గర్లో ఉన్న డాక్టరు దగ్గరికి వెళ్ళి పొటాషియం పరీక్ష చేయించుకోండి. మిగిలిన ప్యాకెట్లు పారెయ్యొద్దు. చీటీతో, డబ్బు పంపిన స్క్రీన్‌షాట్‌తో కలిపి ఒక కవర్లో పెట్టి ఉంచండి, ఫిర్యాదుకి అవే సాక్ష్యం.