టటిల్ బాక్స్ ఫిన్: బిగింపు బాగుంది, వాషర్లే పలుచన

విండ్‌సర్ఫింగ్‌లో వాడే తెరచాప బోర్డు అడుగున నీటిలోకి దిగే రెక్కే ఫిన్. దాని తలభాగం దూరే గాడిని బాక్సు అంటారు, రెండు స్క్రూలతో బిగించే ఒక రకం బాక్సే టటిల్. నా బోర్డుకు అమర్చి చూసిన ఈ ఫిన్‌లో, నీటిలో ఉండే భాగం కంటే బాక్సులోకి దూరే తలభాగాన్ని మలిచిన తీరే నన్ను ఎక్కువగా ఆకట్టుకుంది. ముందూ వెనుకా ఉన్న ఏటవాలు అంచులు బాక్సు గోడలకు ఆనుకుని భారమంతా మోయాలి గాని, తలభాగం పైఅంచు బాక్సు లోపలి కొసను తాకకూడదు. తాకితే స్క్రూలు ఎంత బిగించినా ఫిన్ కదులుతూనే ఉంటుంది. ఇందులో ఆ ఖాళీ సరిగ్గానే ఉంది. పక్కలు మాత్రం కాస్త లావుగా ఉండటంతో, తడిపి వాడే సన్నని గరుకు కాగితంతో కొద్దికొద్దిగా రుద్దుతూ, మధ్యమధ్య అమర్చి చూసుకోవలసి వచ్చింది. ఎక్కువ అరిగితే మళ్లీ పూడ్చడం కష్టం కనుక ఇక్కడ తొందర పనికిరాదు.

బోర్డు పైనుంచి దిగే రెండు స్క్రూలను మార్చిమార్చి, చేతి స్క్రూడ్రైవరుతోనే బిగించాలి. స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూలు నాణ్యమైనవే. వాషర్లే మరీ పలుచన, వాటిని మార్చుకోవడం మేలు. ఉప్పునీటిలో వాడాక విప్పి మంచినీటితో కడగకపోతే ఫిన్ బాక్సులో పట్టేస్తుంది. ఒకే స్క్రూతో నిలిచే పవర్ బాక్సు అనే మరో రకంలో ఫిన్ మార్చడం సులువే అయినా, పొడవైన ఫిన్‌కు నేను టటిల్‌నే ఎంచుకుంటాను.