పాఠానికి పాయింట్లు తగిలించాలా, పాఠాన్నే ఆటగా కట్టాలా?

చదువు చెప్పే ఆటలు తయారుచేసేవాళ్ళకి మొదటి రోజే ఎదురయ్యే పేచీ ఇది. ఉన్న పాఠాన్నీ ఉన్న ప్రశ్నల్నీ అలాగే ఉంచి, పైన పాయింట్లు, బ్యాడ్జీలు, ఎవరు ముందున్నారో చూపించే పట్టిక తగిలించడం ఒక దారి. నేర్చుకోవాల్సిన విషయం పట్టుబడకపోతే ఒక్క అడుగూ ముందుకు పడకుండా ఆటనే కట్టడం రెండోది. మొదటిది వారంలో తయారవుతుంది. రెండోది నెలలు తినేస్తుంది, అప్పటికీ కుదురుతుందన్న నమ్మకం లేదు. అందుకే చాలామంది మొదటిదాంతోనే మొదలుపెడతారు. నేనూ అంతే.

భిన్నాల మీద క్విజ్ పందెం చేశాం. సరైన జవాబుకు 10 పాయింట్లు, తప్పైతే ఏమీ పోదు, టైమ్ మాత్రం పరిగెడుతూ ఉంటుంది. రెండో రోజుకే ఒక పాప కిటుకు పట్టేసింది. ప్రశ్న చదవకుండా ఏదో ఒక బటన్ టకటకా నొక్కుకుంటూ పోతే, ఆలోచించి నొక్కేవాళ్ళకంటే ఎక్కువ పాయింట్లు వస్తున్నాయి! మర్నాటికి అందరూ అదే పని. పెరిగిన స్కోర్లు చూసి మురిసిపోయాం, కాగితం ఇచ్చి 2/3 పెద్దదా, 3/4 పెద్దదా అని అడిగేదాకా. మా ఆట నేర్పింది వేగంగా నొక్కడం. అది మాత్రం పిల్లలు చక్కగా నేర్చుకున్నారు.

రెండో దారి ఎలా ఉంటుందో చూడాలంటే హాబ్‌గుడ్, ఐన్స్‌వర్త్ 2011లో ప్రచురించిన పరిశోధన మంచి ఉదాహరణ. వాళ్ళ ఆటలో అస్థిపంజరాల ఛాతీ మీద అంకెలుంటాయి. ఒక్కో ఆయుధం ఒక్కో సంఖ్యతో భాగిస్తుంది. శేషం రాకుండా భాగించే ఆయుధంతో కొడితేనే శత్రువు కూలుతుంది. అంటే భాగహారం తెలియకపోతే యుద్ధమే లేదు. పోలిక కోసం ఇదే ఆటకు ఇంకో రూపం చేశారు. అందులో యుద్ధానికి లెక్కలతో పనిలేదు, లెవెల్ అయ్యాక అవే భాగహారాలు క్విజ్‌గా వస్తాయి. రెండు రూపాలు ఆడిన పిల్లలకీ సమానంగా టైమ్ ఇచ్చినప్పుడు, లెక్కతోనే యుద్ధం చేసే రూపం ఆడినవాళ్ళే ఎక్కువ నేర్చుకున్నారు. నచ్చింది ఆడుకోమని వదిలేస్తే, దానిమీద ఏడు రెట్లు ఎక్కువసేపు గడిపారు.

ఇక్కడ నాకు నచ్చింది ఫలితం కంటే పోల్చిన తీరు. ఆటను మామూలు పాఠంతో పోల్చి ‘ఆటే గెలిచింది’ అంటే దేనివల్ల గెలిచిందో తెలియదు. బొమ్మల వల్లా, కొత్తదనం వల్లా, టీచర్ ఉత్సాహం వల్లా? ఒకే ఆటలో ఒక్క విషయం మార్చి చూస్తే తెలుస్తుంది. రమణి, సీగ్లర్ 2008లో చిన్నపిల్లలతో చేసింది కూడా ఇలాంటిదే. వరసగా 1 నుంచి 10 దాకా గళ్ళున్న పటం ఒకటి, అంకెలకు బదులు రంగులున్న పటం ఇంకొకటి. రెండు వారాల్లో నాలుగుసార్లు, పావుగంట చొప్పున ఆడించారు. పావు జరుపుతూ గడిలోని అంకెను పైకి చెప్పిన పిల్లలకు సంఖ్యల మీద పట్టు పెరిగింది. రంగులు చెప్పినవాళ్ళకు పెరగలేదు. కంప్యూటర్ లేదు, బ్యాడ్జీ లేదు, ఓ అట్ట ముక్క, అంతే.

అలాగని పాయింట్లు దండగ అనను. ఎక్కాలు, స్పెల్లింగులు, ఉద్యోగులు ఏటా తిరగేయాల్సిన భద్రతా నియమాలు... ఎలాగూ ఎవరూ ఇష్టపడి చేయని బట్టీ పనికి పాయింట్లు చౌకైన మందు. తప్పుకు కొంచెం కోత పెట్టడం మర్చిపోకండి. ఇష్టంగా చేసే పనికి తగిలించేటప్పుడే జాగ్రత్త కావాలి. స్కెచ్ పెన్నులతో బొమ్మలేయడమంటే సరదాపడే పిల్లలకు ‘వేస్తే బహుమతి ఇస్తాం’ అని ముందే చెప్పి వేయిస్తే, తర్వాత వాళ్ళంతట వాళ్ళు బొమ్మలేసే సమయం తగ్గిపోయిందని 1973లోనే లెపర్, గ్రీన్, నిస్బెట్ చూపించారు. చెప్పకుండా ఇచ్చిన బహుమతికి ఆ నష్టం రాలేదు.

ఏ దారిలో వెళ్ళినా ఆట అయ్యాక పది నిమిషాలు మాట్లాడుకోవడం మానేయకూడదు. ఆటలో పట్టిన విషయం కాగితం మీదికి దానంతటదే రాదు.

మా భిన్నాల పందేన్ని పక్కన పడేసి, ఈసారి కోడ్ జోలికి పోకుండా అట్ట ముక్కలు కత్తిరించాం. కాలువ వెడల్పులో సగం, మూడో వంతు, నాలుగో వంతు పొడవున్న ముక్కలు. వాటితో ఆ కాలువ మీద సరిగ్గా సరిపడేలా వంతెన వేయాలి, ఖాళీ ఉండకూడదు, పైకి పొడుచుకు రాకూడదు. బటన్లు టకటకా నొక్కిన పాపే సగం ముక్క పెట్టి, పక్కన మూడో వంతు పెట్టి, మిగిలిన సందు కేసి చాలాసేపు చూసింది. మూడో వంతు ముక్కను ఇంకోదాన్ని తీసి ఆ సందు మీద ఆనించి, సరిగ్గా దాని మధ్యలో గోటితో గీత గీసింది.

‘‘ఇందులో సగం ముక్క ఉందా మీ దగ్గర?’’ అని అడిగింది. మేము కత్తిరించలేదు.